మా గ్రౌండులో జరగని ఆటలు

మొన్న ఆదివారం ఉదయం నడకకని బయలుదేరి మా ఊరి కాలేజీ గ్రౌండు దాకా వెళ్ళి, కాళ్ళు లాగితే సిమెంటు మెట్ల మీద కూర్చోబోయాను. కూర్చోబోయిన చోట పసుపు రంగు గుండ్రం ఒకటి కనిపించింది, దానికి బారెడు దూరంలో ఇంకొకటి, ఆ పైమెట్టు మీద మరొకటి. కరోనా ఏడాది కూరగాయల బజారును ఊరి మధ్య నుంచి ఎత్తి ఈ గ్రౌండులో పెట్టినప్పుడు, జనం ఒకరికొకరు తగలకుండా నిలబడడానికి వేసిన గుండ్రాలవి. మట్టిలో సున్నంతో వేసినవి మొదటి వానకే పోయాయి గాని, మెట్ల మీద రంగుతో వేసినవి ఇన్నేళ్ళ ఎండకీ వానకీ పూర్తిగా చెరిగిపోలేదు. నేను ఆ గుండ్రంలో కూర్చోలేకపోయాను. పక్కకు జరిగి కూర్చుని, ఎదురుగా ఉన్న గోలు స్తంభాల వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఇంటర్ తప్పి, బొబ్బిలి దగ్గర జూట్ మిల్లులో టైమ్ ఆఫీసులో చేరి, ఎవరు ఏ షిఫ్టులో రావాలో, ఎవరికి ఏ వారం సెలవు పడాలో పట్టికలు వేస్తూ బతికినవాణ్ణి. ఎవరూ నేర్పకుండానే అంకెలు నాకు మాట వినేవి. ఒకరికి వరుసగా రెండు రాత్రి షిఫ్టులు పడితే నాకు తిన్నది అరిగేది కాదు, మళ్ళీ మొదటి నుంచి వేసేవాణ్ణి. ఆ అలవాటు వల్లనే మా చుట్టుపక్కల చిన్న కాలేజీల వాళ్ళు ఫుట్‌బాల్ పోటీలు పెట్టుకున్నప్పుడల్లా, ఎవరితో ఎవరు ఎప్పుడు ఎక్కడ ఆడాలో చెప్పే పట్టిక నా చేత వేయించుకునేవారు.

ఆ విద్యకు నన్ను పెట్టినవాడు మా బావ, అంటే మా పెద్దక్క భర్త. పెళ్ళయిన కొత్తలో ఆయన ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ అవుట్, అంటే ఎడమ అంచున ఆడేవాడు. సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు మడతపెట్టి నన్ను కూర్చోబెట్టుకుని, విజయనగరంలో ఎక్కడ ఆట జరిగినా తీసుకుపోయేవాడు, దారిలో ఎక్కువ ఎత్తు వస్తే నన్ను దింపి సైకిలు తోయించేవాడు, మళ్ళీ పల్లం రాగానే ఎక్కించుకునేవాడు. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో బంతికి లోపల బ్లాడరు, పైన తోలు, మూతి దగ్గర తాడుతో కుట్లు. తల మీద ఆ కుట్లు తగిలితే రెండు రోజులు బొప్పి దిగేది కాదు. నేను ఇంటర్ తప్పి, మా నాన్న నాతో మాట మానేసిన వేసవిలో, మా బావ ఒక మధ్యాహ్నం అరుగు మీదికి వచ్చి నా ముందు ఆరు చింతపిక్కలు పోశాడు.

"ఏరా బామ్మర్దీ, ఇవి ఆరు జట్లు. ఏ వారమూ ఒక్క జట్టు కూడా ఊరికే కూకోకుండా అందరూ అందరితో ఆడాల. ఎయ్యగలవేటి?"

సాయంత్రం దాకా జరిపి జరిపి చివరికి కనిపెట్టాను. పిక్కలను గుండ్రంగా పేర్చి, ఒకదాన్ని కదపకుండా ఉంచి, మిగిలిన అయిదింటినీ వారానికొక చోటు చొప్పున తిప్పుతూ పోతే చాలు, ఎదురెదురుగా వచ్చినవి ఆడుకుంటాయి, తిరగడం పూర్తయ్యేసరికి అందరూ అందరితో ఆడేసి ఉంటారు. పుస్తకాల్లో ఈ పద్ధతి ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది గాని, ఆ రోజుకి అది నాదే. కదపకుండా ఉంచడానికి నేను ఏరుకున్నది అన్నిటికన్నా పెద్దది, నున్నగా మెరిసేది, దానికి మా బావ జట్టు పేరు పెట్టుకున్నాను. బావ ఆ పిక్కలనూ నన్నూ మార్చి మార్చి చూసి, లోపలికి పోయి మా నాన్నతో ఏం చెప్పాడో తెలియదు, ఆ రాత్రి మా నాన్న నన్ను అన్నానికి పిలిచాడు. జూట్ మిల్లులో ఉద్యోగానికి నన్ను తీసుకెళ్ళి నిలబెట్టినవాడూ ఆయనే. అప్పటి నుంచి ఎన్ని పట్టికలు వేసినా కదలని పిక్క మాత్రం మా బావదే. అది లెక్కలో అవసరం కాదు, మర్యాద.

తర్వాత ఆయన శృంగవరపుకోట అవతల కొండవారన ఉన్న ఒక చిన్న కాలేజీలో పీడీ అయ్యాడు, అంటే వ్యాయామం, ఆటలు చూసుకునే మాస్టారు. నా కొడుకు మా ఊరి కాలేజీలో చేరి గోలు కీపరయ్యాడు. వాడికంటే పెద్దవాడు ఒకడు ఉండడం వల్ల మొదటి రెండేళ్ళూ వాడు గీత బయట కూర్చుని నీళ్ళ సీసాలు అందించాడు. మూడో ఏడు, డిగ్రీ చివరి ఏడు, వాడికి చేతి తొడుగులు దక్కాయి. ఆ ఏడే కరోనా వచ్చింది.

మామూలు రోజుల్లో ఈ పోటీలు దసరా తర్వాత ఒకే ఊళ్ళో, నాలుగైదు రోజుల్లో తేలిపోయేవి. జట్లన్నీ క్లాసు గదుల్లో బెంచీలు కలుపుకుని పడుకునేవి, ఒకే డేగిశాలో వండిన సాంబారు తినేవి. ఆ ఏడాది అలా కుదరదు. హాస్టళ్ళన్నీ రోగుల కోసం తీసుకున్నారు, కాలేజీలు తెరిచాక కూడా పిల్లలు వంతుల మీద వచ్చేవారు. ఎవరూ ఎక్కడా రాత్రి ఉండకూడదు. అందుకని ఆరు కాలేజీల పీడీలూ మాట్లాడుకుని, ఆటలను జనవరి చివరికి జరిపి, ఆదివారం ఆదివారం పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేలా, ప్రతి జట్టూ మిగతా జట్లతో రెండేసి సార్లు, ఒకసారి వాళ్ళ గ్రౌండులో, ఒకసారి తమ గ్రౌండులో ఆడేలా ఒప్పుకున్నారు. చూడడానికి జనం రాకూడదు. ఎవరి సీసా వాళ్ళదే. సగం ఆటకి బంతిని సబ్బునీళ్ళతో కడగాలి. పట్టిక వేసే పని మామూలుగానే నాకు వచ్చింది.

చిక్కల్లా మా గ్రౌండుతోనే. బజారు ఇంకా అందులోనే ఉంది, మార్చి వస్తే గాని తీయరు. మా ఆటలన్నీ మొదట బయట ఊళ్ళలో వేయాలి, ఇంటి ఆటలన్నీ చివరికి తోయాలి. అలా చేస్తే న్యాయమేనా అని నేను తర్జనభర్జన పడుతుండగా మా బావ ఫోను చేశాడు.

"మా గ్రౌండు సంగతి నీకు తెల్దేట్రా. ఎండలు ముదిరితే రాయయిపోతాది, పిల్లలు పడితే మోకాళ్ళు మిగలవు. మావి ముందెయ్యి, మీవి ఎనకెయ్యి. ఇద్దరికీ కలిసొస్తాది."

నిజమే అనిపించింది. వాళ్ళ ఇంటి ఆటలన్నీ మొదటి సగంలో, మావన్నీ రెండో సగంలో పడేలా పిక్కలు తిప్పాను. మధ్యలో మళ్ళీ జబ్బు పెరిగి ఆటలు ఆగిపోతే పాయింట్లు ఏం చేయాలో కూడా ఒక ముక్క రాసుకుందాం బావా అన్నాను. ఆయన పకపకా నవ్వాడు.

"మీ అక్కని నాకిచ్చినప్పుడు మీ అయ్య కాయితం రాయించుకున్నాడేట్రా? మన మద్ది రాతలేటి."

మా వైపు అయినవాళ్ళను కాగితం అడగడమంటే ముఖం మీద తలుపు వేసినట్టే. నేనింక ఆ మాట ఎత్తలేదు.

అయిదు ఆదివారాలు మా పిల్లలు ఊళ్ళు పట్టుకు తిరిగారు. ఎక్కడికి వెళ్ళినా పరాయి గ్రౌండే, పరాయి ఎత్తుపల్లాలే. రెండు గెలిచారు, రెండు సమం చేసుకున్నారు, బావ కాలేజీ మీద ఒక్క గోలుతో ఓడిపోయారు. ఆ ఆటలో నా కొడుకు ఆపిన బంతులు చూసి మా బావే గీత దాటి వచ్చి వాడి భుజం తట్టాడట. రెండో సగం మనదే నాన్నా, అన్నీ మన దగ్గరే కదా, అని వాడు ఇంటికొచ్చి చెప్తుంటే, వాడి ముఖంలో నేను సైకిలు కడ్డీ మీద కూర్చున్న రోజులు చూసుకున్నాను.

మార్చిలో బజారు తీసేశారు. గ్రౌండు నిండా కుళ్ళిన క్యాబేజీ ఆకులు, గోనెపీచు. విచిత్రమేమిటంటే, గోలు ముందు ఎవరో టమాటాలు అమ్మిన చోట విత్తులు పడి మొక్కలు లేచాయి, ఒకటి రెండు కాయలు కూడా కాశాయి. పిల్లలు రెండు రోజులు వంగి అంతా ఏరారు. మొక్కలన్నీ పీకిన నా కొడుకు, వల వెనకాల ఉన్న ఒక్కదాన్ని మాత్రం వదిలేశాడు. సున్నంతో గీతలు గీశారు. జనం రాకూడదన్నారు కదా అని మా ఆవిడ గ్రౌండు గోడ పక్కింటి వాళ్ళను ముందే అడిగి, వాళ్ళ మేడ మీద తనకొక చోటు మాట్లాడి పెట్టుకుంది. మొదటి ఇంటి ఆట మా బావ జట్టుతోనే.

ఆటకి రెండు రోజుల ముందు పీడీలందరూ ఫోన్లలో ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు. మా పీడీ గారి పక్కన నేనూ కూర్చున్నాను. మా బావ ముఖం చిన్న డబ్బాలో కనిపించింది.

"ముగ్గురు కుర్రోళ్ళకి జ్వరాలు. నా పిల్లల్ని నాను బస్సెక్కించలేను. ఆటకంటే పానం పెద్దది గదా. ఇక్కడికి ఆపేద్దాం, ఉన్న పాయింట్లతో తేల్చేద్దాం."

మా పీడీ గారు రెండు వారాలు ఆగి చూద్దామన్నారు. ప్రాణం మాట వచ్చాక ఎదురు చెప్పే నోరు ఎవరికుంటుంది? ఒక్కొక్కరే తలూపారు. ఉన్న పాయింట్లంటే, అన్నీ సొంత గ్రౌండులోనే ఆడుకున్న మా బావ జట్టు పైన ఉంది. కప్పు వాళ్ళది. మా పిల్లలకు తమ గ్రౌండులో ఒక్క ఆటయినా దక్కలేదు. ఆ ఆదివారం నా కొడుకు తొడుగులు వేసుకుని ఒక్కడే వెళ్ళి గోలులో నిలబడి వచ్చాడు. ఏం చేశావురా అంటే, ఏం లేదు, సూసొచ్చాను, అన్నాడు.

కొన్ని వారాలకు నిజంగానే జబ్బు విరుచుకుపడింది, కాలేజీలు మూతపడ్డాయి, అందరూ మా బావ ముందుచూపును మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఆ మధ్యలో ఖాళీగా పోయిన ఆదివారాలు నా కళ్ళ ముందు వరుసగా కనిపిస్తున్నా, బావ అన్నాడు కాబట్టి కళ్ళు మూసుకున్నాను.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక మా అక్కను చూడడానికి వెళ్ళాను. టీవీ పక్కన కప్పు ఉంది. అక్క దాన్ని చీర చెంగుతో తుడిచి నా చేతికి ఇచ్చింది. పాపం ఆ జ్వరాలొచ్చిన పిల్లలు బాగున్నారా అని, మాట కోసం మాటగా అడిగాను.

"జ్వరాలేట్రా? ఎవులికి జ్వరాలు?" అంది అక్క. "ఆటల్లేవన్న ఆదివారం అందరూ ఈ అరుగు మీదే కూకొని తిన్నారు. కోడికూర సాల్లేదని మళ్ళీ ఇంకోటి కోయించినాను. మీ బావ మొదటికాడ్నించీ సెప్తన్నాడు గదా, ఈ ఆటలు సివరి దాకా సాగవు, మనవి ముందు అయిపోతే సాలని. ఆయన నోటి మాట అలాగే జరిగింది సూడు."

అక్క గర్వంగా చెప్పింది. ఆమెకు అందులో దాచవలసినదేదీ కనిపించలేదు. నేను కప్పును ఎక్కడిది అక్కడ పెట్టేశాను. గ్రౌండు రాయవుతుందన్న మాట, కాయితమెందుకన్న నవ్వు, ముగ్గురి జ్వరాలు, అన్నీ నా తలలో ఒక్కొక్క చోటు చొప్పున తిరిగి ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. మా బావ లోపలికి రాగానే ఒక్కటే అడిగాను, మొదట్లోనే అనుకున్నావా బావా అని. ఆయన చొక్కా విప్పి వంకీకి తగిలిస్తూ, కోపమూ సిగ్గూ ఏమీ లేకుండా అన్నాడు.

"పట్టీ ఏసినోడివి నువ్వు. అందులో నానొక గీతైనా మార్చినానేట్రా? ఆటన్నాక అన్నీ సూసుకోవాల. తిన్నావా?"

తిన్నాను అని అబద్ధం చెప్పి బస్సెక్కాను. కొత్తవలస దాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తు లేదు. ఆయన ఒక కప్పు కోసం మోసం చేశాడన్నది కాదు నన్ను తిన్నది. ఇంట్లో ఎవరూ నన్ను పట్టించుకోని రోజుల్లో ఆయనే నా చేతిలో పెట్టిన పిక్కలవి. వాటినే నా చేత నా కొడుకు మీదికి తిప్పించాడు, మామయ్య అని పిలిచే వాడి మీదికి. బయటివాడు చేసి ఉంటే కేక వేసి ఉండేవాణ్ణి. బావ చేశాడు కాబట్టి ఎవరికీ చెప్పలేకపోయాను, మా ఆవిడకు కూడా.

ఇప్పుడు పట్టికలు నన్ను ఎవరూ అడగరు. కాలేజీల పేర్లు ఫోనులో కొడితే రెప్పపాటులో వచ్చేస్తుందట, అందులో ఎవరి పిక్కా కదలకుండా ఉండదు. మధ్యలో ఆగిపోతే ఏం చేయాలో ముందే రాసుకుని ఆరుగురూ సంతకాలు పెడుతున్నారు. అది మంచిదే, అలాగే ఉండాలి. కాని అలా రాయకుండానే నడిచిన రోజుల్లో, మాట మీద ఆనుకుని నిలబడినప్పుడు ఒంటికి ఉండే ఆ తేలిక మళ్ళీ నాకు తెలియలేదు. ఈమధ్య మా పాలివాళ్ళు పొలం గట్టు సంగతి మాట్లాడడానికి వస్తే, కాయితం తెచ్చారా అని నా నోటనే వచ్చింది. వాళ్ళ ముఖాలు చూశాక, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలిసింది.

నా కొడుకు ఇప్పుడు రైల్వేలో ఉన్నాడు. సెలవు దొరికితే మా గ్రౌండులో చిన్నపిల్లలకు కీపింగ్ నేర్పుతాడు. తన ఆఖరి ఏడు జబ్బు మింగేసిందనే వాడి నమ్మకం, ఆ మాట ఏ కోపమూ లేకుండా, వానకు పంట పోయినట్టుగా చెప్తాడు. మొన్న నేను మెట్ల మీద నుంచి లేచి ఇంటికి వచ్చేసరికి ఫోను మోగుతోంది, తెర మీద బావ పేరు. సెలవు మీద వచ్చిన వాడు చేతులు కడుక్కుంటున్నాడు.

"మావయ్యేనా నాన్నా? ఇలాగియ్యి," అన్నాడు ఆత్రంగా.

ఇచ్చాను.