స్కూలు వ్యాను కిటికీలకు తెరలు కట్టి తిరుచానూరు పెళ్ళికి

మా వసంతక్కకు ఒంటి తలనొప్పి ఉంది. ఎండ, వెలుతురు, ఘాటైన వాసన, వీటిలో ఏది తగిలినా ఎడమ కంటి పక్కన మొదలై సగం తలను పిండేస్తుంది. చీకటి గదిలో రెండు మూడు గంటలు కదలకుండా పడుకుంటే తప్ప తగ్గదు. అందుకే ఎండాకాలంలో చిత్తూరు దాటడం ఎప్పుడో మానేసింది. వేరే కాలంలో పెళ్ళికి వెళ్ళినా తాళి కట్టగానే భోజనం కూడా చేయకుండా ఇంటికి తిరిగొచ్చేసేది. ఈ మే నెలలో ఆమె చిన్ననాటి స్నేహితురాలు సరళ కూతురికి తిరుచానూరులో పెళ్ళి కుదిరింది. ముహూర్తం పొద్దున, రిసెప్షన్ సాయంత్రం. "రెంటికీ ఉండకపోతే నీతో మాట్లాడేదే లే" అని సరళ ఫోనులో తేల్చి చెప్పింది. అక్క "సూస్తాలేమే" అని పెట్టేసింది కానీ ఆ రోజంతా దిగులుగా తిరిగింది. నా వ్యానునే చీకటి గదిగా మార్చి ఆమెను తీసుకెళ్తే ఎలా ఉంటుందని నాకు అప్పుడే తోచింది.

నాది ఒకప్పటి స్కూలు వ్యాను. సీట్లు పీకించి, మంచం వేయించి, కాగితాలన్నీ మార్పించుకుని రెండేళ్ళుగా తిరుగుతున్నాను. చిక్కల్లా అద్దాలతోనే. పిల్లల బండి కదా, చుట్టూ కిటికీలే. మామూలు కర్టెన్లు వేసి చూస్తే అంచుల్లోంచి వెలుతురు వస్తూనే ఉంది, లోపల వేడి ఇసుమంత కూడా తగ్గలేదు. ఈసారి ఒక్కో అద్దానికి పాత న్యూస్ పేపర్ అదిమిపెట్టి అంచులు గీసి, అచ్చు కత్తిరించుకున్నాను. రేకుల ఇళ్ళకు పైకప్పు కింద వేసే వెండి రంగు ఫోమ్ షీటు బజారులో దొరికింది. దాన్ని ఆ అచ్చులకంటే ఒక వేలు వెడల్పు ఎక్కువగా కోశాను. లోపలి వైపుకు నల్లటి గొడుగు గుడ్డను అక్కే తన మిషను మీద కుట్టింది. అద్దానికి పట్టి ఉండేందుకు రబ్బరు కప్పులు బిగించాం. మొత్తం కలిపి రెండు వేల లోపే అయింది. అన్నీ పెట్టి తలుపు వేసుకున్నాక అక్క చేతులు చాచి తడుముకుంటూ నవ్వింది. "సినిమా హాలు మాదిరి ఉండాదే!"

పెళ్ళి రోజు ఎండ రాకముందే, ఐదింటికల్లా చిత్తూరులో బయలుదేరాం. బండి నడుస్తున్నప్పుడు అద్దాలు మూయకూడదు కాబట్టి తెరలన్నీ మంచం కింద పెట్టాం. అక్క నల్ల కళ్ళజోడు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. పూతలపట్టు దాటి, పాకాల దగ్గర టిఫిన్‌కు ఆగాం. హోటలాయన పొంగలి వడ్డిస్తూ బండి వైపు చూశాడు. "స్కూల్లకి సెలవులు గదమ్మా, బండేసుకోని యాడికి పోతావుండారు?" "పెళ్ళికి" అన్నాను. "అయితే పిలకాయలేరీ?" అన్నాడు. అక్క గట్టిగా నవ్వింది. నడి వేసవి కత్తిరి ఎండల్లో ఆమె అలా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. అక్కడి నుంచి చంద్రగిరి మీదుగా తిరుచానూరుకు గంట పట్టింది. అప్పటికే యాత్రికుల బస్సులు నిండుగా ఉన్నాయి. కల్యాణ మండపం వెనక ఖాళీ స్థలంలో బండి పెట్టుకుని మర్నాటి దాకా ఉండవచ్చని సరళ వాళ్ళు ముందే చెప్పించి ఉంచారు.

తాళి కట్టే వేళ వీడియో లైట్లు మొహం మీద పడ్డాయి. తలంబ్రాలు అయ్యేసరికి అక్క నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం లేచి బండి దగ్గరికి వచ్చేశాం. నేను గబగబా తెరలన్నీ బిగించి, మండపం నీడ పడే వైపు కిటికీ ఒక్కటి నాలుగు వేళ్ళు తెరిచి దోమతెర వేసి, బ్యాటరీ ఫ్యాను పెట్టాను. మాత్ర వేసుకుని అక్క పడుకుంది. బయట నిప్పులు కురుస్తున్నా లోపల పరవాలేదనిపించింది. నేను బండి తలుపు మెట్టు మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం ఎండ పడమటికి తిరిగాక ఠప్పుమని చప్పుడైంది. అద్దం వేడికి రబ్బరు కప్పులు పట్టు వదిలి పడమటి పక్క తెర ఊడి పడింది. సరిగ్గా అక్క మొహం మీద ఎండ. "అబ్బా!" అని ఆమె గోడవైపు తిరిగింది. నేను లోపలికెక్కి ఎన్నిసార్లు అదిమినా తెర నిలబడలేదు. అదే సమయానికి తెరిచిన కిటికీలోంచి మల్లెపూల వాసన గుప్పుమంది. ఒక పూలామె బండి నీడలో బుట్ట దించి కూర్చుంది. ఆ ఎండలో ఆమెను లెమ్మని ఎలా చెప్పను? అయినా అక్క మూలుగు వింటూ ఊరుకోలేకపోయాను.

"అమ్మా, లోపల మా అక్కకు తలనొప్పి. పూల వాసన పడదు. నువ్వు ఈడనే కూర్చో, బుట్టొక్కటీ మండపం వరండాలో పెడితే..." అన్నాను, మాటలు వెతుక్కుంటూ.

ఆమె వెంటనే లేచింది. "దానికేముండాదమ్మా, ముందే సెప్పకూడదా!" అంటూ బుట్ట పట్టుకుని నడిచింది. తర్వాత వెనక్కి వచ్చి, ఊడిన తెరతో నేను పడుతున్న తంటాలు చూసి, పూల మీద కప్పే తడి గోనెపట్టా తెచ్చింది. "లోపల నిలబడకపోతే బైట ఏలాడెయ్యి." ఇద్దరం కలిసి దాన్ని పైనున్న సామాన్ల కడ్డీలకు కట్టి అద్దం మీదికి వేలాడదీశాం. వెలుతురు ఆగిపోయింది. కాసేపటికి అద్దం కూడా చల్లబడింది. ఆమె పేరు రాజమ్మ. వరండాలో పెళ్ళివాళ్ళ కళ్ళ ముందే ఉన్నందుకు ఆమె పూలన్నీ చీకటి పడకముందే అమ్ముడుపోయాయి.

నాలుగున్నరకు తలుపు తెరుచుకుంది. "కాఫీ యాడన్నా దొరుకుతుందేమే?" అంది అక్క. ఆమె కాఫీ అడిగిందంటే నొప్పి వదిలినట్టే. మొహం కడుక్కుని పట్టుచీర మార్చుకుని వెళ్తుంటే, స్టేజీ మీదున్న సరళ ఫొటోలు ఆపేసి మెట్లు దిగి వచ్చింది. "నువ్వెప్పుడో ఊరికి పోయినావనుకున్నా గదా!" అని అక్క రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఆఖరి బంతిలో పక్కపక్కన కూర్చుని తిన్నారు. నేను పిలిచినా లేవలేదు. ఇక నేనే ఎదురుగా నిలబడి ఇద్దరికీ ఇంకో గిన్నె పాయసం పోయించాను.

ఆ రాత్రి వ్యానులోనే పడుకున్నాం. మెలకువ వచ్చేసరికి చీకటిగానే ఉంది. "ఇంకా తెల్లారలేదా?" అని అక్క ఒక తెర మూల ఎత్తింది. పొద్దు బాగా ఎక్కి ఉంది. పందిరి విప్పే మనుషులు మమ్మల్ని లేపకుండా అటు నుంచి చుట్టి నడుస్తున్నారు. "ఇంతసేపు ఎప్పుడు నిద్రపోయినానో గుర్తే లేదు" అంటూ అక్క మళ్ళీ తెర దించి పడుకుంది. ఇన్నేళ్ళుగా మేం ఎక్కడికి వెళ్ళినా నొప్పి ఎప్పుడు మొదలవుతుందోనన్న భయం వెంట వచ్చేది. ఈసారి నొప్పి వచ్చింది, పోయింది, మేం మాత్రం ఊరు వదిలి పరుగెత్తలేదు. అమ్మవారి దర్శనం మధ్యాహ్నం లోపు ఎప్పుడైనా చేసుకోవచ్చని నేనూ దుప్పటి కప్పుకున్నాను. తొందర లేని పొద్దున ఇంత హాయిగా ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

మీరూ ఇలా తెరలు చేసుకుంటే ఒక్క మాట: బయలుదేరే ముందు ఒక మధ్యాహ్నమంతా బండిని మీ ఇంటి ముందు ఎండలో నిలబెట్టి పరీక్షించండి. పొద్దున గట్టిగా కనిపించే రబ్బరు కప్పులు ఎండకు ఊడిపోతాయి. వాటి బదులు కిటికీ చట్రానికి వెల్క్రో అంటించుకోండి, నేనిప్పుడు అదే చేశాను.