కిర్రు చెప్పుల పందెం

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం మా ఆయన. ఆ మొండితనంతో నేను పడ్డ తిప్పలు చెప్పుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మిర్యాలగూడ పందెం నాడు మాత్రం ఆ మొండితనమే నాకు ముద్దొచ్చింది. ఆ ఒక్క సంగతి రాస్తాను.

మాది పాలకీడు దిక్కు చిన్న ఊరు. ఒక గొర్ల మంద, నాలుగు మేకలు, కొంచెం మెట్ట చెలక. అప్పటికింకా సాగరు కాలువ లేదు. ఎటు చూసినా జొన్న, ఆముదం, తుమ్మచెట్లు, కాళ్ల కింద పల్లేరు కాయలు. మంద వెంట తిరిగే మగవాడికి చెప్పుల్లేకపోతే గడవదు. కానీ ఆ చెప్పులు చెలకల్లోనే. ఊరి పొలిమేరకు రాగానే విప్పి చేత పట్టుకోవాలి. దొర ఉండే గడి ముందు నుంచి పోవాల్సి వస్తే చంకలో దాచుకుని వంగి పోవాలి. మా మామ ఒకసారి జ్వరంలో ఒళ్లు తెలియక చెప్పులతోనే గడి దాటాడట. ఆ చెప్పులే నెత్తిన పెట్టి ఆయనను ఊరంతా తిప్పారు. అప్పుడు మా ఆయన చిన్నవాడు, తండ్రి పక్కనే నడిచాడు. ఈ మాట నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు, అదీ గోడవైపు తిరిగి.

మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. అంతకుముందే భయపడి పట్నం పారిపోయిన దొర, అంతా సద్దుమణిగాక తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. చెప్పులు విప్పమని ఇప్పుడెవరూ అనడం లేదు. అయినా గడి దగ్గరికి రాగానే సగం మంది కాళ్లు వాటంతటవే ఆగి చెప్పులు వదిలేవి. అలవాటు అంత చెడ్డది.

మా ఆయన సూర్యాపేట అంగడికి పొట్టేళ్లను తోలుకుపోయి, వచ్చేటప్పుడు కిర్రు చెప్పులు కుట్టించుకుని వచ్చాడు. అడుగేస్తే నాలుగిండ్ల అవతలికి వినబడాలని మాదిగాయనకు మరీమరీ చెప్పి కుట్టించాడట. ఆ రోజు ఏ పనీ లేకుండానే గడి ముందు నుంచి అటూ ఇటూ తిరిగొచ్చాడు. దూపకు నీళ్లడిగితే, గడి బావి నీళ్లు తాగి రాకపోయావా అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వాడు. పెళ్లయ్యాక ఆ మనిషి అంత నిండుగా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆ రోజుల్లోనే మా ఊరి బడికి ఒక పంతులు వచ్చాడు. కోదాడాయన. రజాకార్ల గడబిడ కాలంలో బెజవాడలో అత్తగారింట్లో తలదాచుకుని, పని లేక పొద్దంతా రీడింగు రూములో పేపర్లు చదివాడట. అందుకే ఆయన మాటలో సగం కోదాడ, సగం బెజవాడ. కడుపులో మంటకు మేకపాలు మంచివని ఎవరో చెప్తే, రోజూ సందెకాడ చెంబు పట్టుకుని మా దొడ్డికి వచ్చేవాడు. నేను పాలు పిండేదాకా ఊరికే కూర్చోలేక ఒలింపిక్స్ ముచ్చట్లు చెప్పేవాడు. నాలుగేండ్లకోసారి లోకమంతా ఒకచోట చేరి ఆడుకునే జాతరట అది. పెద్ద యుద్ధం వచ్చి చాలా ఏండ్లు ఆగిపోయి, మన దగ్గర రజాకార్ల గోల నడుస్తున్న వానకాలంలోనే లండన్‌లో మళ్లీ జరిగిందట.

నిన్నటిదాకా దేశాన్ని ఏలినవాళ్లను, వాళ్ల పట్నంలోనే, మనవాళ్లు హాకీలో ఓడించారట. నాలుగు గోల్సు కొట్టి వాళ్లకు ఒక్కటీ ఇవ్వలేదట. కర్రతో ఆడే ఆట అనగానే మా ఆయన తన చేతికర్రను ఒకసారి తిప్పి చూసుకున్నాడు. ఆ ముచ్చట మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు, జెండా పైకి పోయే దగ్గర ప్రతిసారీ గొంతు సవరించుకునేవాడు. ఇంకొక దేశపు సిపాయికి కుడిచేతిలో బాంబు పేలిందట. అతను ఎవరికీ చెప్పకుండా ఎడమచేత్తో తుపాకీ పేల్చడం నేర్చుకుని లండన్‌లో అందరినీ గెలిచాడట. మా అత్త ఇది విని ఆ రాత్రంతా ఒకటే రంధి పెట్టుకుంది. గెలిచినాయనకు బంగారం ఇస్తారు కదా, మరి ఆయన దాన్ని ఏ చేత్తో అందుకున్నట్టు? చాలా దూరం ఉరికే పందెంలో గెలిచిన ఇంకొకాయన ముఖం, ఉరుకుతున్నంతసేపూ వంకరలు పోయేదట. పంతులు చెంబు కింద పెట్టి ఆ ముఖం చేసి చూపించేవాడు. అది పురిటినొప్పుల ముఖం, నాకు తెలియనిదా.

ఇద్దరు పిల్లల తల్లి ఒకామె ఒక్కతే నాలుగు పందేలు గెలిచిందని చెప్పిన రోజు మాత్రం నా చేయి పొదుగు మీదే ఆగిపోయింది. ఇంటిపట్టున ఉండి పిల్లలను చూసుకోక ఈ పరుగులేమిటని వాళ్ల దేశం వాళ్లే తిట్టారట. ఆమె ఉరికేటప్పుడు పిల్లలను ఎవరు ఎత్తుకున్నారని పంతులును అడిగాను. ఆ సంగతి పేపర్లో రాయలేదట. అసలు రాయాల్సిందే అది కదా అనుకుని పాల చెంబు ఆయన చేతికిచ్చాను.

ఒకనాడు ఒక పొట్టేలు తాడు తెంపుకుని ఆముదం చేలలో పడి ఉరికింది. మా ఆయన పంచె ఎగగట్టి దాని వెంటపడి, చేను దాటకముందే కొమ్ములు పట్టి వెనక్కి తెచ్చాడు. పంతులు అది చూసి పాలు మరిచిపోయాడు. మిర్యాలగూడలో పరుగు పందేలు పెడుతున్నారనీ, మా ఆయన ఉరికి తీరాల్సిందేననీ పట్టుబట్టాడు. ఈయన సరేనన్నాడు. ఇనాము ఇచ్చేది మా దొరేనని రెండు రోజులకు తెలిసింది. అప్పుడు ఈయన ఇంకొక మాట కలిపాడు. ఉరుకుతాడట, కానీ చెప్పులతోనే ఉరుకుతాడట.

పంతులు నెత్తి పట్టుకున్నాడు. అంత బరువు చెప్పులతో ఎద్దు కూడా గెలవలేదని ఆయన, ఓడితే ఓడుతా గానీ దొర కండ్ల ముందు చెప్పులు విప్పనని ఈయన. రెండు సందెలు ఇదే పంచాయితీ. నేను మాత్రం ఎవరి దిక్కూ మాట్లాడలేదు. గెలిస్తే చూడాలని నాకూ ఉంది. విప్పితే ఆయన లోపల ఏదో తెగిపోతుందనీ తెలుసు.

మూడో సందె పంతులు కొత్త ముచ్చట పట్టుకొచ్చాడు. యుద్ధానికి ముందు ఇదే జాతర బెర్లిన్‌లో జరిగిందట. అప్పుడు మన హాకీ జట్టు పెద్ద, అంత ఆటగాడు లోకంలోనే లేడట, కడపటి ఆట నడుస్తుండగా కాళ్లకున్న బూట్లు విప్పి పక్కన పడేసి, ఉత్త కాళ్లతో ఆడి, ఆ గడ్డ మీద ఆ దేశం వాళ్లనే చిత్తుగా ఓడించాడట. మా ఆయన తన చెప్పుల దిక్కు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"పంతులూ, ఆయనను ఇప్పుమన్నదెవరు?"

"ఎవరూ అనలేదయ్యా. పరుగుకు అడ్డమొస్తున్నాయని తనే విప్పాడు."

"ఆట అయినంక మళ్ల తొడుక్కున్నడా?"

ఇది కూడా పేపర్లో ఉన్నట్టు లేదు. పంతులు, తొడుక్కునే ఉంటాడు అన్నాడు.

"అట్లయితే నేను గూడ ఇప్పుత. ఉరుకుడు అయితనే తొడుక్కుంట. దొర ముందరికి చెప్పులతోనే పోత."

అక్కడికి అందరికీ మనసు కుదుటపడింది. చంటిబిడ్డను ఎత్తుకుని, బండి కట్టుకుని ముందురోజే మిర్యాలగూడ చేరి చుట్టాలింట్లో పడుకున్నాం. పొద్దున్నే ఊరి అవతల తుమ్మచెట్ల దగ్గరికి పోయాం. అక్కడి నుంచే పందెం మొదలు. పంతులు చేతికి ఈల ఇచ్చి ఉరికేవాళ్లను వదిలే పని అప్పజెప్పారు. అందరూ అంగీలు, తలగుడ్డలు, చెప్పులు విప్పి చెట్ల మొదట్లో పెట్టారు. మా ఆయన చివరన విప్పాడు. రెండు చెప్పులూ జతగా, నా పక్కన, మడమలు సరిగ్గా కలిపి పెట్టి, జర చూస్తుండు అన్నాడు. పంతులు ఈల ఊదాడు, అందరూ దుమ్ములో కలిసిపోయారు.

దుమ్ము దిగాక నా కళ్లు ఆ చెప్పుల మీద పడ్డాయి. చుట్టూ ఉన్నవాళ్లు గెలుపు చూడాలని ఊళ్లోకి కదులుతుంటే అప్పుడు వెలిగింది. పందెం అయిపోయేది ఇక్కడ కాదు. ఊళ్లో, బడి మైదానంలో, పందిరి కింద దొర కూర్చున్న కుర్చీ ముందు. మాకెవరికీ ఇది తట్టలేదు. పొద్దున మంద ఏ దొడ్డి నుంచి పోతే సందెకు ఆ దొడ్డికే తిరిగొస్తుంది, మాకు తెలిసిన పోకడ అదే. పందెం కూడా అలాగే మళ్లీ ఈ చెట్ల దగ్గరికే వస్తుందనుకున్నాం. పంతులుకు తెలిసి ఉండాలి, కానీ ఆయన బుర్ర బెర్లిన్‌లో ఉంది. గెలిస్తే మా ఆయన ఉత్త కాళ్లతో దొర ముందు నిలబడాలి. తన చేతులతోనే చెప్పులు విప్పి మరీ పోయినట్టవుతుంది. తండ్రికైతే బలవంతంగా చేశారు.

నడక రాని బిడ్డ నా చంకలో ఉంది. తీసుకుపోయి పంతులు చేతుల్లో పెట్టాను. ఆయన నోట్లో ఈల అలాగే ఉంది, ఏదో అడగబోతే అదే మోగింది. చెప్పులు చెరొక చేత పట్టుకున్నాను, కొంగు నడుముకు చుట్టాను, ఉరికాను.

నేను పుట్టి పెరిగింది గొర్ల వెనకే. సద్దిగంప నెత్తిన పెట్టుకుని చెలకల వెంట ఎంత ఉరికానో లెక్క లేదు. కానీ ఊరి నడిబజార్లో, నలుగురి మధ్య నుంచి, నెత్తిన కొంగు జారిపోయి ఉరకడం అదే మొదలు. సిగ్గు వేసింది. కొంతదూరం పోయాక సిగ్గు పోయింది. ఇంకా కొంతదూరం పోయాక, నిజం చెప్పాలంటే, హాయిగా అనిపించింది.

బజారు జనం గబగబా పక్కకు తప్పుకున్నారు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. రెండు చేతుల్లో రెండు చెప్పులు పట్టుకుని ఒక ఆడది పరుగెత్తుకొస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు? ఎవడికో మూడిందనుకుంటారు. వెనక పిల్లల గుంపు తయారైంది, కొందరు పెద్దవాళ్లు కూడా కలిశారు. అందరం కలిసి మైదానంలోకి దిగాం.

పందెం అప్పటికే అయిపోయింది. గెలిచింది మా ఆయనే. పేరు పిలిచారట, మళ్లీ పిలిచారట, ఈయన గీత దగ్గరే నిలబడ్డాడు. తల దించుకుని తన కాళ్లనే చూసుకుంటున్నాడు. అంత దూరం నుంచి చూసినా నాకు ఏడుపొచ్చింది. గెలిచినవాడు నిలబడే తీరు కాదది.

నేను పందిరి ముందు నుంచే అడ్డంగా ఉరికాను, అదే దగ్గరి దారి. నా చేతుల్లో చెప్పులు, నా వెనక జనం. కుర్చీలో ఉన్న దొర నన్ను చూశాడు, చెప్పులను చూశాడు. ఇనాముగా ఇవ్వాల్సిన ఇత్తడి చెంబు చేతిలో ఉండగానే చటుక్కున లేచి కుర్చీ వెనక్కి పోయి నిలబడ్డాడు. దొర లేచాడని పందిరి కింద ఉన్న పెద్దమనుషులందరూ లేచారు. నేను వాళ్లను దాటిపోయి మా ఆయన కాళ్ల ముందు చెప్పులు పడేశాను. ఊపిరి ఆడక అక్కడే కూలబడ్డాను.

ఆయన తొడుక్కున్నాడు. ఏ తొందరా పడలేదు. ఒక కాలు, తర్వాత రెండో కాలు. ఆ కిర్రు చప్పుడు ఒక్కటే పందిరి దాకా నడిచింది. దొర నిలబడే ఉన్నాడు. కుర్చీ వెనక నుంచే చెంబు చాపాడు. మా ఆయన వంగలేదు. అందుకుని, దండం పెట్టి, అదే చప్పుడుతో తిరిగొచ్చాడు. జనం అప్పుడు కొట్టిన చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. సంతోషంతో నా ఒళ్లు తేలిపోయింది, అబద్ధమెందుకు.

వచ్చి నా ముందు కూర్చున్నాడు. నాకోసం ఏదన్నా మంచి మాట వస్తుందేమోనని చూశాను. ఆయన నా ముఖం దిక్కు చూడలేదు. నా పాదాలు దుమ్ముతో తెల్లగా ఉన్నాయి, ఒక మడమ నుంచి నెత్తురు కారుతోంది, పల్లేరు కాయలు అలాగే గుచ్చుకుని ఉన్నాయి. ఒక కాలు తన ఒళ్లోకి లాక్కుని ముళ్లు ఒక్కొక్కటే తీశాడు. తీస్తూ తీస్తూ ఆగిపోయాడు. తల ఎత్తి నన్ను చూశాడు. పెళ్లయి ఇన్నేండ్లయినా ఈ మనిషికి ఇప్పుడే ఏదో కొత్తగా కనబడ్డట్టుంది.

"నీ చెప్పులేవి?" అన్నాడు.

మా ఊళ్లో ఏ ఆడమనిషికీ చెప్పులు లేవు. మా అత్తకు లేవు, మా అమ్మకు లేవు. గడి ముందు విప్పడానికైనా మాకు ఉంటే కదా. ఆ మాట ఆయన అడిగేదాకా నాకు కూడా తట్టలేదు. ఆయన చేతిలో ఉన్న నా కాలినే చూస్తూ అన్నాను.

"ఇంకా కుట్టలే."