రిబ్బన్ కోయని ఎమ్మెల్యే

హెలికాప్టర్ దిగినప్పుడు లేచిన ఎర్రదుమ్ము ఇంకా పళ్ల కింద కరకరలాడుతోంది. కన్నుమూసిన పైలట్ సాబ్ పేరును ప్రసూతి వార్డుకు పెట్టడానికి మంత్రిగారు గాల్లో వచ్చారు మరి! బతికుండగా ఆయనను పార్టీలోంచి గెంటినవాళ్లే ఇవాళ ఫొటోకు దండ వేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన వాయుసేనలో విమానాలు నడిపి, రిటైరై గద్వాల వచ్చి, ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి. నేను ఆయన పీఏని. మొదటిరోజు గట్టు మండలానికి బయలుదేరుతుంటే, జీపు ఎక్కకుండా దాని చుట్టూ తిరగసాగారు. టైర్లు అరచేత్తో నొక్కారు, వంగి కిందికి చూశారు.

"ఏంది సార్, డ్రైవర్ చూసిండు గదా?" అన్నాను.

"ఆయన చూసిండు, నేను చూడలే. విమానం ఎక్కేముందు చుట్టూ తిరిగి చేత్తోని ముట్టి చూసేటోళ్లం. పైకి పోయినంక దిగి చూస్త అంటే అయితదా ఖాజా?"

నాకు నవ్వొచ్చింది. తర్వాత రోడ్లనూ, బడులనూ, నీళ్ల ట్యాంకులనూ ఆయన అలాగే చూసేవారు. కాంట్రాక్టర్లకు మాత్రం నవ్వు రాలేదు.

గట్టు అవతలి పల్లెలో ఈ వార్డు ప్రారంభమైన రోజూ అంతే. గుమ్మం దగ్గర ఇదే మంత్రి, చేతిలో కత్తెర. సాబ్ పక్క తలుపులోంచి లోపలికెళ్లి కుళాయిలు తిప్పారు. చుక్క రాలేదు. గోడ వెనక్కి వెళ్లి చూస్తే పైపు మట్టిలో కాస్త దిగి ఆగిపోయింది. దాన్ని దేనికీ కలపనే లేదు! ఆయన తిరిగొచ్చి, "రిబ్బన్ కొయ్యొద్దు, లోపల నీళ్లు లేవు" అని మైకులోనే చెప్పేశారు.

మంత్రి ముఖం మాడిపోయింది. "అందరి ముందట గిట్ల ఇజ్జత్ తీస్తవేంది? రేపో ఎల్లుండో వస్తయి నీళ్లు."

"గప్పటిదాంక కాన్పుకొచ్చినామెకు ఏం చెప్పాలె? నొప్పులు జర ఆపుకోమనాల్నా?"

సాబ్ మెట్లు దిగి వెళ్లిపోయారు. రిబ్బన్ మంత్రే కోశారు.

తెరిచారు కదా అని నమ్మి, ఆ వారంలోనే ఈరమ్మ అనే కూలీమనిషిని కాన్పుకు అక్కడికి తెచ్చారు. నీళ్లు లేవని గద్వాల దవాఖానకు పంపారు. దారిలో ఆటోలోనే కనింది. బిడ్డ దక్కలేదు. సాబ్ ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని ఏడ్చారు. ఇదంతా చేసినవాళ్ల కళ్లు మాత్రం తడవలేదు. పైగా మరుసటి ఎన్నికల్లో ఆయనకు టికెట్ ఇవ్వక, పార్టీలోంచే గెంటేశారు. ఆయనకు రాజకీయం తెలియదట! తెలిసినవాళ్లు చేసిన ఘనకార్యం ఏమిటో ఈరమ్మను అడగాలి.

ఇవాళ సభకు ముందు నేనూ వార్డు చుట్టూ తిరిగాను. పైపు కలిపారు. కానీ బోరు ఎప్పుడో ఎండిపోయిందట. నర్సులు బిందెలతో నీళ్లు మోసుకొస్తున్నారు. పేరు బోర్డు మాత్రం తళతళలాడుతోంది.

"సాబ్ గురించి రెండు ముచ్చట్లు చెప్పు ఖాజా" అంటూ మంత్రి నాకు మైకు ఇచ్చారు. నేను వార్డు గుమ్మం వైపు చెయ్యి చూపాను.

"ఆయన పేరు పెట్టేముందు జర లోపలికి రాండ్రి సార్. మీ చేత్తోనే గా నల్లా తిప్పండ్రి."

మంత్రి కదల్లేదు. జనంలోంచి ఈరమ్మ లేచి వార్డులోకి నడిచింది.