చోటు తప్పిన దీపం

దీపాలాయన సముద్రం మీద ఇరవయ్యేళ్లు పనిచేశాడు గానీ ఏ ఊరూ వెళ్లలేదు. ఆయనది లైట్‌షిప్. నీళ్లకింద నక్కిన ఇసుకమేట పక్కన లంగరేసుకుని, స్తంభం మీద దీపం మోస్తూ, ఉన్నచోటే ఊగుతుండే ఓడ. మేట మీద లైట్‌హౌస్‌కి పునాది నిలవదు మరి. వచ్చే పడవలన్నీ ఆ వెలుగును ఆనవాలు పట్టి, మేటను తప్పించుకుని రేవు చేరతాయి.

సెలవుకి ఇంటికొచ్చినా ఆయన గ్లాసు బల్ల మీద పెట్టడు, పడిపోతుందని. కనబడిన కిటికీ అద్దమల్లా తుడిచేస్తాడు.

"మా ఇంటిక్కూడా ఓసారి రా బావా, అద్దాలు మురికిగా ఉన్నాయి" అంటాడు బావమరిది. అతను సరుకు పడవ నడిపే సరంగు.

ఒకరోజు సాయంత్రం అతని పడవలోనే దీపాలాయన భార్య పుట్టింటి నుంచి తిరిగొస్తోంది. మొగుడి దీపాన్ని సముద్రం మీంచి ఆమె చూడబోవడం ఇదే మొదటిసారి. ఓడ మీద ఆయన పొద్దుటే గడ్డం గీసుకున్నాడు. చంటిపిల్ల ముఖం కడిగినట్టు దీపం అద్దాన్ని రెండుసార్లు తుడిచాడు.

మధ్యాహ్నం గాలి తిరగబడింది. లంగరు గొలుసు తెగింది. అదనపు లంగరు పట్టుకునేసరికి ఓడ మేటకి అవతలివైపు చేరింది. కెప్టెన్ సెలవులో ఉన్నాడు, ఓడ బాధ్యత దీపాలాయనదే. చీకటి పడుతోంది, వాన కురుస్తోంది.

"వెలిగించన్నా, వదినొస్తోంది కదా!" అన్నాడు ఓడలో వంటవాడు.

"వెలిగిస్తే నేరుగా ఇసుకలోకే వస్తుంది."

"అసలు దీపమే లేకపోతే?"

"మీ వదిన తమ్ముడికి నోరెక్కువే గానీ, బుర్ర తక్కువేం కాదు. దీపం కనబడకపోతే ఆగుతాడు."

అనేశాడే గానీ, చేతిలో అగ్గిపెట్టె తడిసి మెత్తబడేదాకా అలాగే పట్టుకు నిలబడ్డాడు. ఓడ చోటు తప్పితే దీపం వెలిగించకూడదన్నది నియమం. అది ఆ పూట ఆయన గుండెల మీద కూర్చుంది. ఆ రాత్రి సముద్రమంతా నల్లటి గదిలా మూసుకుపోయింది.

తెల్లవారి వాన తెరిపిచ్చింది. దూరంగా లోతు నీళ్లలో, లంగరేసి, బుద్ధిగా ఆగి ఉంది సరుకు పడవ. కాసేపటికి మేటను చుట్టి ఓడ పక్కకొచ్చింది. దుప్పటి కప్పుకున్న ఒకామె అందులో లేచి నిలబడింది.

"ఏవండీ! నేనొస్తున్నానని తెలిసి కూడా దీపం పెట్టకుండా పడుకున్నారా?"

దీపాలాయన ఓడ అంచు కమ్మీ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వంటవాడొచ్చి భుజం పట్టుకున్నా ఆ నవ్వు ఆగలేదు.

"నిన్నేరా, కాస్త దగ్గరికి పోనీ" అంటోంది ఆమె తమ్ముడితో. "ఈయన ఏడుస్తున్నట్టున్నాడు."