సాక్ష్యం చెప్పాక మానేసిన మాత్రలు

సింగపూర్ ఆంగ్ మో కియోలో తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో మా ఆయన రాజరత్నం నూడుల్స్ ట్రేతో వస్తూ వస్తూ నిలబడిపోయారు. పిలిస్తే పలకలేదు. ట్రే జారింది, వెనకే మనిషి కుప్పకూలి కాళ్లూ చేతులూ కొట్టుకున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఈఈజీ, ఎమ్మారై తీశాక డాక్టరమ్మ ఎపిలెప్సీ అంది. టాబ్లెట్లతో కంట్రోల్‌లో ఉంటుంది, మీ అంతట మీరు ఆపొద్దని రెండుసార్లు చెప్పింది.

మందులు పడ్డాక నెలల తరబడి ఫిట్స్ రాలేదు. మా తెలుగు క్రైస్తవ సహవాసానికి పెద్ద అయిన జోసెఫ్ అంకుల్ అప్పటికే ఆయనకు నూనె రాసి ప్రార్థన చేసి ఉన్నారు. స్వస్థత దొరికితే లేచి సాక్ష్యం చెప్పడం మా వాళ్లలో ఆనవాయితీ. ఈయనా చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు. బాగుపడ్డానని అంతమంది ముందు చెప్పి మళ్లీ మాత్ర మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టేనని ఈ మహానుభావుడి లెక్క. నాకు చెప్పకుండా మానేశారు. ఎంఆర్‌టీ రైలు ప్లాట్‌ఫాం మీద పడి తల పగిలింది.

వార్డులో సంగతి తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. ఈయనేమో నా విశ్వాసం చాల్లేదంటూ గోడవైపు తిరిగి పడుకున్నారు. నర్సు మాత్ర తెస్తే నోరు తెరవలేదు. మళ్లీ ఫిట్స్ వస్తే ప్రాణానికే ప్రమాదమని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

మా సహవాసం పాస్టరుగారు చూడ్డానికి వచ్చారు. ఇంకో ప్రసంగం మొదలెడితే పోట్లాడదామనే కూర్చున్నాను. బాధ దేవుడు పెట్టే పరీక్ష అని కొందరు పండితులంటారనీ, తనూ అదే బోధించాననీ ఒప్పుకున్నారు. సిలువ మీద దేవుడే బాధపడ్డాడు కాబట్టి బాధపడేవాళ్ల పక్కనే ఉంటాడని కొందరు, వాళ్లను విడిపించడమే ఆయన పని అని ఇంకొందరు అంటారట.

"ఐగుప్తులో బానిసలై ఇటుకలు చేసిన ఇశ్రాయేలీయులు సాక్ష్యాలు చెప్పలేదు బ్రదర్, మూలిగారు. ఆ మూలుగు వినే దేవుడు దిగొచ్చాడు. బాగైపోయాం అంటేనే వింటాడన్న రూలు మనమే పెట్టుకున్నాం."

ఈయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు. మధ్యాహ్నం నర్సు వస్తే మాత్ర వేసుకున్నారు.

కోలుకున్నాక సహవాసంలో మళ్లీ లేచారు. "నాకు నయం కాలేదు. మందులు వాడుతున్నాను. దేవుడు నన్ను వదిలిపెట్టలేదు" అని కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

భోజనాల దగ్గర జోసెఫ్ అంకుల్ మెల్లిగా మా పక్కకొచ్చారు. "రత్నం, నేను బీపీ మాత్రలు మానేసి చాన్నాళ్లయింది. ఏ డాక్టరు దగ్గరికెళ్లాలి?"

ఇప్పటికీ ఈయన అప్పుడప్పుడూ మాట మధ్యలో ఆగిపోతుంటారు. పనికి మాత్రం వెళ్తున్నారు. మీరూ ప్రార్థన చేయించుకోండి, మేమూ చేయించుకుంటున్నాం. ఆమెన్ అన్నాక మాత్ర వేసుకోండి.