ఒళ్లు తగ్గించిన విసుర్రాయి

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా ఊళ్లో లావుగా ఉన్న పిల్లను నేనొక్కదాన్నే. మూడేళ్లుగా వానల్లేవు. జనం గంజి కేంద్రం దగ్గర చెంబులు పట్టుకుని నిలబడేవాళ్లు. పెద్దమ్మ ఇంటికి పోవాలంటే ఆ వరుస ముందునుంచే నడవాలి. నాకు ప్రాణం పోయినంత పనయ్యేది.

"ఈళ్లింట్లో కరువు లేదప్పా" అని ఎవరో ఒకరు అననే అనేవాళ్లు.

నిజమే, లేదు. నాయన వేరుశనగల వ్యాపారి. పెద్దమనిషినయ్యానని నన్ను బడి మానిపించి ఇంట్లో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తే నేను గాదె వెనక చేరి వేరుశనగలు, బెల్లం, చేతికేది దొరికితే అది కుక్కుకునేదాన్ని. ఆకలికి కాదు. కడుపునొప్పి పుట్టేదాకా చెయ్యి ఆగేది కాదు. ఆ తర్వాత ఏడుపు.

కుండలో బెల్లం తరుగుతోందని అమ్మ కనిపెట్టింది. మా ఇంట్లో రోజూ రాగులు విసరడానికి ఒకామె వచ్చేది. కూలి కింద చేటెడు పిండి తీసుకుపోయేది. ఆ పిండితోనే వాళ్లింట్లో సంగటి.

"అది గాక ఇంకెవురు తీస్తారు?" అంది అమ్మ.

నేను పక్కనే ఉన్నాను. నోట్లో తీపి ఇంకా ఉంది. నోరు విప్పలేదు.

ఆ నెలలోనే నాయన నన్ను అనంతపురం డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాడు. మందులక్కర్లేదు, పొద్దున్నే పరుగెత్తించండి, తాడాట ఆడించండి అన్నాడాయన. ఇంటికొచ్చి నాయన ఆ మాట చెప్పగానే అమ్మ నెత్తి కొట్టుకుంది.

"పెద్దమనిషైన పిల్లను ఈదిలో ఉరికిస్తే ఊరు నగదా? ఇసుర్రాయి ఉండాది గదా, పాపే ఇసురుతాది. ఆ దొంగదాని పీడా పోతాది."

నాయనకూ అది బాగానే తోచింది.

మర్నాడు ఆమె చేట పట్టుకుని వస్తే అమ్మ గడప దగ్గరే ఆపేసింది. "పాపకు డాక్టరు చెప్పినాడు. ఇంక నువ్వు రావద్దు. బెల్లం సంగతి నేను పైకి అనడం లేదు."

"బెల్లం నేను ముట్టలేదమ్మా" అందామె. అంతే. గాదె వెనక నన్నొకసారి కళ్లారా చూసిన మనిషి. చెప్పొచ్చు. చెప్పలేదు. పోతూ పోతూ, "పిడికి గుడ్డ సుట్టుకోమనమ్మా. పాప చేతులు బొబ్బలెక్కుతాయి" అంది.

రెండు పూటలా విసిరాను. చేతులు బొబ్బలెక్కాయి, ఆకలి రెట్టింపయింది. పచ్చి పిండిలో బెల్లం కలుపుకుని మింగేదాన్ని. ఒకరోజు అమ్మ కుండ మూత తీసి చూసింది, నా ముఖం చూసింది, మూత పెట్టేసింది. దొంగెవరో తెలిశాక కూడా ఆమెను మళ్లీ పిలవలేదు. పిలిస్తే నా వ్యాయామం ఏం కావాలి? అమ్మ మీద నాకు ఆ కోపం ఈనాటికీ పోలేదు. నా మీద అంతకంటే ఎక్కువ.

ఏడాది తిరిగేసరికి పావడాలు వదులయ్యాయి. చుట్టాలు డాక్టరును పొగిడారు, అమ్మను పొగిడారు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ ఇంటికి పోతుంటే గంజి వరుసలో ఆమె కనిపించింది, ఇద్దరు పిల్లలతో. మెడ కింద ఎముకలు తేలాయి. నన్ను ఆపి పైనుంచి కిందికి చూసింది.

"ఒళ్లు తగ్గినావు పాపా. సక్కగుండావు."

వెక్కిరించినా బాగుండేది. మనస్ఫూర్తిగానే అంది.

నేను పెద్దమ్మ ఇంటికి పోలేదు. వెనక్కి వచ్చి, గాదె వెనక కూర్చుని, కుండలో ఉన్న బెల్లమంతా తిన్నాను.