రూతమ్మ తోమిన రిసీవర్

1982. కొరాపుట్ కొండల్లో, దసమంతపూర్ దగ్గర ఒక బడి హాస్టల్. నేనప్పుడు రాయగడలో ఒక వర్క్‌షాపు ఫోర్‌మన్‌ని. ఆ హాస్టల్ వంటింటి పొగ ఎంత చిక్కనిదంటే, పైనుంచి ఎగిరే కాకులు దగ్గుకుంటూ పోయేవి. ఎండతోనే, అదీ చవకగా, వంట చేయించమని మా ఆఫీసు నన్ను పంపింది.

ఏనుగు పడుకోగలిగినంత వెదురు తట్ట అల్లించి, రాయగడ మంగలి షాపుల్లో పగిలిన అద్దాలన్నీ ఏరుకొచ్చి లోపల తారుతో అతికించాను. అది రిఫ్లెక్టర్. ఎండనంతా ఒక్కచోటికి తోస్తుంది. ఆ చోటు ఫోకస్. అక్కడ వేలాడే గిన్నె రిసీవర్. వేడి పీల్చుకోవాలని దానికి బయట నల్లరంగు పూశాను. మొదటిరోజు పప్పు ఉడికిన జోరుకు మూత ఎగిరి కొండల అవతల దామంజోడి ఊళ్లో పడిందంటే మీరు నమ్మరు. పోనీ, ఉడికిందని మాత్రం నమ్మండి.

వారం తిరిగేసరికి నీళ్లు గోరువెచ్చన దాటడం మానేశాయి. శుక్రవారం పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. పప్పు ఉడక్కపోతే తట్ట విప్పించేసి, వంటమనిషి రూతమ్మను మళ్లీ పొగలోకి పంపేస్తారు. ఆవిడ కళ్లు అప్పటికే పండుమిరపకాయలు.

నా అనుమానమంతా హాస్టల్‌కు కట్టెలు తోలే అప్పలసామి మీద. రోజూ బండి ఆపి ఆ అద్దాల్లో మీసం దువ్వుకునేవాడు. ఆ దువ్వుడులో నాకు పెద్ద కుట్ర కనిపించింది.

"ఏటి అప్పలసామీ, అద్దాలకి నూనె గానీ రాస్తన్నావేటి?"

"నూనుంటే మీసానికి రాసుకుంటాను గానీ మీ తట్టకెందుకు బాబూ? అయినా సూరీడు పప్పుడికించేత్తే నా ఎద్దులేటి తింటాయి?"

నేరం ఒప్పుకున్నట్టే కదా! అద్దాలన్నీ వాసన చూశాను. ఒకటి నాకి కూడా చూశాను. తారు తగిలింది.

గురువారం సాయంత్రం గోడ చాటున మాటు వేశాను. అప్పలసామి రాలేదు. రూతమ్మ వచ్చింది. గిన్నె దించి, చింతపండూ బూడిదా ఇటుకపొడీ ముందేసుకుని, దయ్యం వదిలిస్తున్నట్టు తోమడం మొదలుపెట్టింది.

"ఏటి సేస్తన్నావు రూతమ్మా!"

"పెద్దోలొచ్చి నల్లగిన్ని సూత్తే నా పరువేటైపోద్ది బాబూ? వోరం బట్టీ తోముతున్నాను. ఇయ్యాలకి లొంగింది."

గిన్నె పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరుస్తోంది. వచ్చిన ఎండను వచ్చినట్టే వెనక్కి పంపేస్తోంది. నలుపెందుకో ఆఫీసులో అందరికీ బొమ్మ గీసి మరీ చెప్పాను. రూతమ్మకు తప్ప.

తెల్లారింది. రంగుడబ్బా రాయగడలో, ఆఫీసరు జీపు ఘాట్ రోడ్డు మీద. అప్పుడే అప్పలసామి బండి వచ్చింది. గిన్నె మళ్లీ నల్లబడాలని చెప్పాను.

"పచ్చి కట్టెలు బాబూ. మండవు గానీ పొగకి తిరుగు నేదు," అంటూ తనే పొయ్యిలో పెట్టాడు. ముగ్గురం దగ్గుకుంటూ గిన్నెకు మసి పట్టించాం.

పప్పు ఉడికింది. ఆఫీసరు లొట్టలేసుకుంటూ తిని, "కట్టెలేమీ వాడలేదు కదా?" అన్నాడు అనుమానంగా. అప్పలసామి ఆకాశంకేసి చూశాడు. తట్ట నిలిచింది.

ఆ తర్వాత ప్రతి రిసీవర్‌కూ నల్లటి తొడుగును బోల్టులతో బిగించి, తోముకోవడానికి లోపల వేరే గిన్నె పెట్టాను. వస్తువు ఎలా పనిచేస్తుందో ముందు దాన్ని కడిగే మనిషికి చెప్పాలని నాకు తెలిసొచ్చింది. రూతమ్మకు అంతా వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని తలూపింది. మళ్లీ వెళ్లినప్పుడు చూశాను: తొడుగు నల్లగానే ఉంది. బోల్టులు మాత్రం తళతళలాడుతున్నాయి.